జమేదార్ మీద ఫిర్యాదు

మొన్న మా చెల్లెలి కూతురు మంజుల బెంగుళూరు నుంచి కారులో కుక్కను వెంటబెట్టుకొని రాయచూరు వచ్చింది. మూడు రోజులుంది. కుక్క పేరు కోకో. దానికొక పరుపు, రెండు స్టీలు గిన్నెలు, ఎండకు కాళ్ళు కాలకుండా నాలుగు బూట్లు, పేరూ పుట్టినరోజూ రాసిన ఒక చిన్న పుస్తకం. వీధిలో దొరికిన కుక్కకు పుట్టినరోజు ఎట్లా తెలిసిందే అని అడిగితే, దొరికిన రోజునే అనుకున్నారట. "రెస్క్యూ చేసినం పెద్దమ్మా. పాపం, మస్తు ట్రామాల ఉండె," అంది మంజుల. నేను దాన్ని తేరిపార చూశాను. మా ఎండకు నాలుక బయటపెట్టి, కాళ్ళకు బూట్లతో, అత్తవారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడిలా వాకిట్లో నిలబడి ఉంది. నడవమంటే ఒక్కో కాలూ పైకెత్తి, ఇది నాదేనా అన్నట్టు ఒక క్షణం చూసి, మళ్ళీ కింద పెడుతుంది. ట్రామా అంటే బహుశా అదే. "మీ చిన్నప్పుడు ఇంట్ల పెట్స్ ఉండెనా?" అని మంజుల అడిగింది. ఉండేవి. కానీ ఆ మాటతో వాటిని ఎవరూ పిలవలేదు. మా నాయన వాటిని 'దరిద్రం' అనేవాడు. మా అత్త 'మనోళ్ళు' అనేది. ఆ రెండు మాటల మధ్యనే నా చిన్నతనమంతా గడిచింది.

రత్నమ్మత్త మా నాయనకు అక్క. భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మా అమ్మ పోతే నన్నూ చెల్లెల్నీ పెంచే పని ఆమె మీద పడింది. ఆ పని ఆమెకు చాలలేదేమో, ఊళ్ళో దిక్కులేనివాటినన్నిటినీ పెంచడం మొదలుపెట్టింది. బజారుకు కూరగాయలకని వెళ్ళి వచ్చేటప్పుడు ఆమె చేతి సంచి కదులుతూ ఉండేది. కదిలిందంటే ఆ పూట కూర లేదని మాకు అర్థం. దయగల మాట ఒక్కటి కూడా ఆమె నోట వచ్చేది కాదు. "సావనీకి నీకు మా గల్లీ మోరీనే దొరికిందా," అని తిట్టుకుంటూ సంచిలోంచి పిల్లికూనను తీసి, ఒళ్ళంతా పసుపు రాసి, పొయ్యి పక్కన గోనెపట్టా మీద పడేసేది. బతికితే బతికింది. నాకు తెలిసి అన్నీ బతికాయి. చావడానికి భయపడి బతికాయని నాయన అనేవాడు.

పొద్దున్నే మా ఇల్లు రెండు చప్పుళ్ళతో లేచేది. ఒకటి, వంటింట్లో అత్త జొన్నరొట్టెలు చరిచే చప్పుడు. రెండోది, పెరట్లో నాయన నెత్తిన కుమ్మరించుకునే చెంబుల చప్పుడు. నాయన ఒక సర్కారు కచేరీలో గుమాస్తా. మహా శుభ్రం మనిషి. స్నానం చేసి ధోవతి కట్టుకొని వస్తుంటే ఒక పిల్లి సరిగ్గా దారికి అడ్డం వచ్చి, ఆయన పిక్కకు ఒళ్ళు రుద్దుకొని పోయేది. ఆయన మళ్ళీ బావి దగ్గరికి. కొన్ని రోజులు మూడు స్నానాలు కూడా చేశాడు. పిల్లికి ఆయన మీద అంత ప్రేమ ఎందుకో మాకెవరికీ తెలియదు. ఇంట్లో దాన్ని ముట్టుకోని మనిషి ఆయనొక్కడే. నూనె మిల్లు వైపు నుంచి వేరుశనగ వాసన, కాలే రొట్టె వాసన, అత్త నస్యం డబ్బీ వాసన, తడిసిన కుక్క వాసన, అన్నీ కలిసి మా ఇంటికంటూ ఒక వాసన ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు దాని గురించి నాకు అప్పుడప్పుడు చెప్పేవాళ్ళు.

పిల్లులకు అత్త తనకు గిట్టని చుట్టాల పేర్లు పెట్టేది. నాయన పిక్కకు ఒళ్ళు రుద్దే పిల్లి పేరు శేషమ్మ. శేషమ్మ అంటే అత్త ఆడపడుచు, యరగేరలో ఉండేది. తిన్నంతసేపు తిని, మూతి తుడుచుకొని, మొహం తిప్పుకొని పోయే గుణం ఇద్దరికీ ఒకటేనని అత్త లెక్క. ఒకనాడు నిజమైన శేషమ్మ చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. గడపలో చెప్పులు విడుస్తుండగానే వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది: "ఓ శేషమ్మా, మల్లొచ్చినవా? పాలగిన్నెల మూతి వెట్టినవంటే నడుం ఇరగ్గొడత. పొద్దుగాల తిన్నది అరగలేదానె నీకు?" శేషమ్మ మళ్ళీ చెప్పులు తొడుక్కుంది. నేను పరుగెత్తుకెళ్ళి అది పిల్లి పేరు అని చెప్పాను. దానివల్ల పరిస్థితి బాగుపడుతుందని ఆ వయసులో అనుకున్నాను.

కుక్క మాత్రం ఒక్కటే. పత్తి జిన్నింగు మిల్లు ముందర మురుగు మోరీలో ముందు కాలు విరిగి పడి ఉంటే అత్త దాన్ని కొంగులో ఎత్తుకొచ్చింది. నా పాత పలక చట్రం విరిచి, ఆ చెక్కలతో కాలికి కట్టుకట్టింది. కాలు అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడిలా కుంటుతూ, దానికే ఒక దర్జా ఉన్నట్టు నడిచేది కాబట్టి పటాలం పదవి పేరు పెట్టి జమేదార్ అన్నాం. ఆ కుక్కతో మాకొక చిక్కు వచ్చింది. అత్త "కూసో" అంటే గోడ వంక చూసేది. "పో" అంటే దగ్గరికొచ్చేది. నేను బడిలో నేర్చుకున్న కన్నడంలో కూడా చెప్పి చూశాను. చెవిటిదని తీర్మానించుకున్నాం. వారం తర్వాత గాజులమ్మే బీబమ్మ గడపలో గంప దించి, దాన్ని చూసి, "బైఠ్ రే," అంది. జమేదార్ ఇన్‌స్పెక్టరు వచ్చిన తరగతిలో పిల్లాడిలా టక్కున కూర్చుంది. దానికి ఉర్దూ తప్ప వేరే భాష రాదు. ఆ రోజు నుంచి అత్త దానితో ఉర్దూలోనే మాట్లాడింది. దాన్ని తిట్టడం కోసం కొత్త మాటలు కూడా బీబమ్మ దగ్గర నేర్చుకుంది. నాయనకు బజారులో ఉర్దూ మంచినీళ్ళలా వచ్చేది, కానీ కుక్కతో మాత్రం ఒప్పుకోలేదు. "నా ఇంట్ల ఉండాలంటే అది నా మాట నేర్వాలె. దాని మాట నేనెందుకు మాట్లాడాలె?" అన్నాడు. ఆయనా జమేదారూ ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు మాట్లాడకుండా బతికారు.

నాయనకు ఒక వ్యసనం ఉండేది, ఫిర్యాదులు రాయడం. వీధిదీపం వెలగడం లేదని, నల్లా నీళ్ళు రావడం లేదని, మైకులు మోగుతున్నాయని, పక్కింటివాళ్ళ గోడ జానెడు ముందుకొచ్చిందని, వారానికొకటి. సాయంత్రం భోంచేసి, చేతులు రెండుసార్లు కడుక్కొని, పీట మీద కూర్చొని పెద్ద పెద్ద కన్నడ మాటలతో చెప్పేవాడు. నేను తెల్లకాగితం మీద సాపు రాసేదాన్ని. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆయనకు గర్వం. ఆయనకంటే నాకు ఎక్కువ. ఆ ఫిర్యాదుల్లో ఒక్కదానికి కూడా జవాబు వచ్చినట్టు నాకు గుర్తులేదు. "వాళ్ళు చదువుతరంటవా?" అని అత్త అడిగేది. "చదవకపోతే వాళ్ళ ఖర్మ. రాయడం మన ధర్మం," అనేవాడు నాయన.

జమేదార్ మీద ఆయన ఫిర్యాదు రాయడానికి కారణం ఒక విందు. ఆయన పైఅధికారిని భోజనానికి పిలిచాడు. ప్రమోషను మాట నడుస్తున్న రోజులు. మాది కోడిగుడ్డు అనే మాటను కూడా గొంతు తగ్గించి అనే ఇల్లు. అత్త భక్ష్యాలు చేసింది, నెయ్యి కాచింది. పిల్లులను నాలుగింటినీ పెరటి గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. కుక్క సంగతి అందరం మరిచిపోయాం. అధికారి రెండో భక్ష్యం తుంచుతుండగా జమేదార్ వీధి వాకిలిలోంచి కుంటుకుంటూ వచ్చింది. నోట్లో మేక కాలు, గిట్టతో సహా. మటన్ దుకాణంలో ఎవరిచ్చారో, ఎట్లా సంపాదించిందో తెలియదు. అందరినీ ఒకసారి చూసి, ఇంట్లో పెద్దమనిషి ఎవరో దానికీ అర్థమైనట్టుంది, తిన్నగా వెళ్ళి దాన్ని అధికారి విస్తరి పక్కన పెట్టి, వెనక్కి జరిగి తోక ఊపింది. నాయన విస్తరి ముందు నుంచి సగం లేచాడు. అత్త మాత్రం నెయ్యి గిన్నె పట్టుకొని నింపాదిగా అంది: "ఏమనుకోకుండ్రి సారూ. మా మర్యాద మేం చేస్తున్నం. దాని మర్యాద అది చేసింది."

అధికారి చేయి కడుక్కున్నాడు. ఆ ఏడు నాయనకు ప్రమోషను రాలేదు. అసలు ఆ కచేరీలో ఎవరికీ రాలేదని తర్వాత తెలిసింది కానీ, కారణం అప్పటికే మా ఇంట్లో ఖరారైపోయింది. ఆ సాయంత్రమే నాయన పీట మీద కూర్చున్నాడు. మా గల్లీలో దిక్కులేని కుక్కలు ఎక్కువయ్యాయని, ముఖ్యంగా ఒక ఎర్రకుక్క గృహస్థుల ఇళ్ళలో చొరబడి ప్రశాంతత భంగం చేస్తోందని, దానికి యజమాని ఎవరూ లేరని, వెంటనే పట్టుకుపోవాలని చెప్పాడు. నేను రాశాను. ఎర్రకుక్క అంటే చాలదని నాకు అనిపించింది. బడిలో వర్ణనలు రాస్తే నాకే ఎక్కువ మార్కులు. ఎడమ చెవి మీద తెల్లమచ్చ, కుడి ముందుకాలు కుంటు అని నా అంతట నేను చేర్చాను. నాయన చదివి, "శభాష్," అన్నాడు. ఆ కాగితం ఏమవుతుందోనన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. అది కూడా మిగతావాటిలాగే ఏదో బీరువాలో చెదలకు పోతుందని మా నమ్మకం. వారం తిరక్కుండానే నాయన కోపం నల్లాల మీదికి మళ్ళింది.

వీధి కుక్కలను పట్టే ఆఫీసు పేరు ఇక్కడ రాయను. నాయన అన్నేళ్ళు రాసిన ఫిర్యాదులన్నింటిలోకీ పని జరిగింది ఇదొక్కటే. ఒక సెలవు రోజు పొద్దున, నాయన పెరట్లో స్నానం చేస్తుండగా, ఇనుప జాలి కట్టిన బండి మా ఇంటి ముందు ఆగింది. జమేదార్ గడపలో ఎండకు పడుకొని ఉంది. బండిలోంచి దిగినవాళ్ళలో ఒకడు చేతిలో తీగ ఉరి వెనక్కి దాచుకొని, "ఆజా రే, ఆజా బేటా," అన్నాడు. దాని భాషలో దాన్ని అంత ముద్దుగా ఎవరూ పిలిచి ఉండరు. అది లేచి, తోక ఊపుకుంటూ, కుంటుకుంటూ వాడి దగ్గరికి వెళ్ళింది.

అత్త రొట్టెపిండి చేతులతోనే బయటికొచ్చింది. "నా కుక్క అది. ఇడిసిపెట్టు," అంది. బండివాడు జేబులోంచి కాగితం తీసి, "నిమ్మ మనెయవరే బరెదిద్దారమ్మా," అన్నాడు, మీ ఇంటివాళ్ళే రాశారమ్మా అని. అత్తకు చదువు రాదు. కాగితాన్ని నా చేతిలో పెట్టి, "ఏముందో సదువు బిడ్డా," అంది. నేను చదివాను. కన్నడంలో ఒక్కో వాక్యం, తెలుగులో దాని అర్థం. ఎడమ చెవి మీద తెల్లమచ్చ దగ్గర తలెత్తి బండి వంక చూశాను. జాలి వెనక జమేదార్ నన్నే చూస్తూ ఇంకా తోక ఊపుతోంది. కింద సంతకం ఎవరిదని అత్త అడిగింది. నాయన పేరు చెప్పాను. బండి వెళ్ళిపోయింది.

అత్త అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లోపలికి వెళ్ళి మిగిలిన రొట్టెలు కాల్చింది. నాయన వచ్చి కూర్చుంటే వడ్డించింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక, ఎదురుగా కూర్చొని అంది: "ఇన్నేండ్ల నుంచి రాస్తున్నవ్ గద తమ్ముడా. ఇయ్యాల సర్కారు నీ మాట ఇన్నది. జమేదార్ను పట్టుకపోయిండ్రు. సంబరంగ తిను." నాయన చేయి ఆగిపోయింది. ఏదో అనబోయాడు, ఆ కాగితం సంగతే మరిచిపోయాననో ఏమో. అత్త ఆయన మొహం చూడలేదు. కాసేపటికి ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి, లేచి, చొక్కా తొడుక్కొని, సైకిలు తీశాడు. నేను అడక్కుండానే వెనక ఎక్కి కూర్చున్నాను. ఎందుకు ఎక్కానో నాకు తెలుసు. ఆయనకు తెలియదు.

ఆ ఆఫీసులో ఖాదర్ సాబ్ అనే గుమాస్తా కూర్చొని ఉన్నాడు. మా నాయన లాంటివాడే. కలం మూత పెట్టాక రెండుసార్లు తిప్పి చూసుకునే రకం. నాయన విషయం చెప్పి, ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నాడు. ఖాదర్ సాబ్ ఫైలు తెరిచి, మూసి, అన్నాడు: "ఎట్లయితది సాబ్? మీరు రాసిండ్రు, మేం పట్టినం. ఫైలు బంద్ అయిపోయింది. బందయిన ఫిర్యాదు వాపస్ తీసుకునేది ఏ కాయిదా కానూన్ల లేదు." ఆ మాట నాయన తన కచేరీలో ఎంతమందితో అని ఉంటాడో. ఇప్పుడు బల్లకు ఇవతలి వైపు నిలబడి వింటున్నాడు. ఇంకేం దారి అని అడిగాడు. కుక్క యజమాని వచ్చి దరఖాస్తు ఇస్తే వదలొచ్చన్నాడు ఖాదర్ సాబ్. లేకపోతే సాయంత్రం బండి ఊరవతలికి పోతుంది. అక్కడి నుంచి ఉత్త బండే తిరిగొస్తుంది.

"యజమాని నేనే," అన్నాడు నాయన.

"యజమాని ఎవరూ లేరని మీరే రాసిండ్రు గద సాబ్. ఇగో, ఎంత మంచి దస్తూరి. మరి అప్పుడు రాసింది జూటా అన్నట్టా?"

గోడకు ఆనుకొని బండివాళ్ళు ఇద్దరు నవ్వుతూ చూస్తున్నారు. మా నాయన జీవితంలో తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. ఆయన లెక్కలో తప్పు వస్తే లెక్కల పుస్తకం మార్చమనేవాడు. ఆయన బల్ల మీది కాగితం తనవైపు లాక్కొన్నాడు. రాయడానికి నేను చేయి చాస్తే, "ఇది నేను రాస్త," అన్నాడు. పైన చెప్పిన కుక్క నాదే, యజమాని లేడని నేను రాసింది అబద్ధం, క్షమించి నా కుక్కను నాకు ఇప్పించవలెను అని, పెద్ద మాటలు ఒక్కటి కూడా లేకుండా రాశాడు. సంతకం చేసేటప్పుడు ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

వెనక దొడ్లో రేకుల కింద పది పన్నెండు కుక్కలున్నాయి. జమేదార్ అన్నిటికంటే వెనక, గోడ మూలకు మొహం పెట్టి పడుకొని ఉంది. "జమేదార్," అని నేను పిలిచాను. తల ఎత్తలేదు. ఎవరైనా పిలిస్తే ఏమవుతుందో దానికి అర్థమైనట్టుంది. ఖాదర్ సాబ్ నాయన వంక చూసి, "మీ కుక్కంటిరి. మీరు పిలవండి సాబ్," అన్నాడు. నాయన ఒకసారి చుట్టూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "జమేదార్," అన్నాడు, "ఇధర్ ఆ. చల్, ఘర్ చలేంగే," ఇటు రా, ఇంటికి పోదాం అని. నా ఎరుకలో ఆయన దానితో మాట్లాడిన మొదటి మాట అది. జమేదార్ తల ఎత్తి, చాలాసేపు ఆయన్నే చూసి, లేచి వచ్చింది. దాని వెనకాలే ఎముకలు తేలిన ఒక నల్ల ఆడకుక్క, దాన్ని కూడా పిలిచినట్టే, వాకిలి దాటి బయటికొచ్చి మా పక్కన నిలబడింది.

"ఒక్కటే రాసిండ్రు సాబ్," అన్నాడు ఖాదర్ సాబ్.

నాయన ఆ నల్లదాని వంక చూశాడు. దానికి ఒళ్ళంతా గజ్జి. తర్వాత కాగితం అందుకొని, కలం మూత తీశాడు. కన్నడంలో 'నాయి' అంటే కుక్క. దాని పక్కన 'గళు' అని చేర్చాడు. కుక్క కాస్తా కుక్కలు అయ్యాయి. ఖాదర్ సాబ్ అది చదివి ముద్ర కొట్టాడు. ఇంటికి వెళ్ళేదాకా నాయన సైకిలు ఎక్కలేదు, తోసుకుంటూ నడిచాడు. అత్త గడపలో నిలబడి ఉంది. పక్కకు జరిగి జమేదార్ను లోపలికి పోనిచ్చింది. నల్లదాన్ని చూసి, "ఇది ఎవరిది?" అంది. "నాదే," అన్నాడు నాయన. "కాగితం ఉంది." ఇంతా చేసి, కాళ్ళు కడుక్కొని, ఆ నల్లదాన్ని బావి దగ్గర కట్టేసి, మరో స్నానం చేశాడు.

దీంతో మా నాయన మారిపోయి జంతుప్రేమికుడయ్యాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. కాలేదు. చివరిదాకా వాటిని దరిద్రమనే అన్నాడు, కాకపోతే ఉర్దూలో. మేం కూడా ఏమంత మంచివాళ్ళం కాదు. మా కుక్కలకు పులిసిన మజ్జిగన్నం పెట్టాం, పండగపూట కొట్టాం, ఒకసారి తేలు కుట్టిందంటే సున్నం రాసి ఊరుకున్నాం. ఇప్పటి పిల్లలు మాకంటే బాగా చూసుకుంటారు, ఆ మాట ఒప్పుకోవాలి. సూదిమందులు వేయిస్తారు, పుస్తకంలో రాస్తారు. అయితే మంజుల మూడు రోజుల్లో కోకోను నూటికి పైగా ఫోటోలు తీసింది; వీధిలో కుక్క అడ్డమొస్తే మాత్రం కారు హారన్ మీది నుంచి చేయి తీయలేదు. ఒక్కదాన్ని కాపాడినందుకు మిగతావాటి బాకీ తీరిపోయిందని అనుకుంటారేమో. మా అత్తకు ఆ లెక్క తెలియదు. ఆమె సంచి కదులుతూనే ఉండేది.

ఆ ఫిర్యాదులో నేను చేర్చిన మాటల సంగతి ఎవరికీ చెప్పలేదు. నాయన పోయేదాకా ఆయన కూడా అత్త ముందు ఆ మాట ఎత్తలేదు. నాకు ముప్పై దాటాక, అత్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమెకు గంజి తాగిస్తూ చెప్పాను. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని, నాయన ఎర్రకుక్క అని మాత్రమే అంటే, చెవి మచ్చా కాలి కుంటూ నేను చేర్చానని. అత్త గంజి మింగి, మూతి తుడవమని సైగ చేసింది.

"తెలుసు," అంది. "ఆ దినం నువ్వు కాగితం సూడకుండనే సదివినవ్ బిడ్డా. కుక్కను సూసుకుంట సదివినవ్."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని అన్నాను.

"ఇంట్ల ఒక్కలు సిగ్గుపడితే సాలనుకున్న," అంది అత్త. "ఆ గంజిల ఉప్పు లేదు. పో, తీస్కరా."